ఒకటి, పెక్కు

ఇంగ్లీషు రాని తాతలు మనుమల ఇంగ్లీషు చదువునకు తోడ్పడజాలరను తలంపు మన గుంటూరు సీమ గ్రామములందు కలదు. అది సరికాదని మనవి చేయుచున్నాను.

తెలుగున 'లు' చేర్చునట్లు ఇంగ్లీషున 'ఎస్' అను అక్షరము చేర్చిన బహువచన మగును. పలుకుట మాత్రము మూడు విధములు. పిల్లి 'క్యాట్', పిల్లులు 'క్యాట్స్'. కుక్క 'డాగ్', కుక్కలు 'డాగ్జ్'. పెట్టె 'బాక్స్', పెట్టెలు 'బాక్సిజ్'. ఇచట వ్రాతలో 'ఎస్'కు ముందు 'ఇ' అను అక్షరమును చేరును. మాట చివరి ధ్వనియే ఈ భేదమునకు కారణము.

మన పిల్లలు తడబడు చోటు వేఱు. నీళ్లు, పాలు, వడ్లు మనకు బహువచనములు, ఇంగ్లీషున ఏకవచనములు. అందుచే పాలను 'మిల్క్స్' అందురు. ప్రత్తి ఉభయభాషలందును ఏకవచనమే. మిరపకాయలు లెక్కింపదగినవి గనుక 'చిల్లీజ్' అగును.

1958లో అమెరికాలో జీన్ బెర్కో అను విదుషి, లోకమున లేని పక్షి బొమ్మను పసిపిల్లలకు చూపి దానిపేరు 'వగ్' అనెను. రెండు బొమ్మలు చూపి అడుగగా పెక్కుమంది 'వగ్జ్' అనిరి. ఎన్నడును వినని మాట! వారు సూత్రమునే గ్రహించియుండిరి.

ఎద్దు 'ఆక్స్', ఎడ్లు 'ఆక్సెన్'. నా మనుమడు 'ఆక్సిజ్' అనగా కసరితిని. మఱునాడు వాడు పుస్తకము తెఱవలేదు. 'ఎద్దులు' అనిన పసివానిని మనము దండింతుమా? తప్పు నాదే.

కావున సాయంకాలము కళ్లమున ఒక టిక్కీని చూపి పేరడుగుడు. పిదప రెండింటిని చూపి అడుగుడు. తప్పినను నవ్వక వినుడు. దిద్దుటకు ఉపాధ్యాయుడు కలడు. ధైర్యము నిచ్చుట మన పని.