ఎండలో కిడ్నీలకు అందాల్సిన రక్తం ఎటు పోతుంది?

ఈరోజు మా అమ్మకు జరిగిన సంగతితో మొదలుపెడతాను.

మాది మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె. రెండేళ్ల కింద ఏప్రిల్‌లో అమ్మ మిరపకాయలు ఏరడానికి పోయింది. పొద్దంతా వంగి ఏరి, మధ్యాహ్నం లేచి నిలబడగానే కండ్లు తిరిగి కూలబడింది. ఇంటికి తెచ్చినం. "ఒళ్లంతా నొప్పులు బిడ్డా, ఒక నొప్పి గోలీ తెచ్చియ్యి" అన్నది. తెచ్చి ఇచ్చాను. నీళ్లు తాగినవా, మూత్రం వచ్చిందా అని అడగలేదు. మర్నాడు రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. సెలైన్ ఎక్కించాక నాలుగు రోజులకు తగ్గింది. నేను చేసిన తప్పేమిటో డాక్టర్ చెప్తేనే తెలిసింది. అదే మీకు చెప్తాను.

మనం ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. మరి ఏ అవయవానికి ఎంత? మన భూపాలపల్లి జిల్లాలో కాకతీయుల నాటి గణపురం చెరువు ఉంది కదా. ఇలాంటి చెరువుల కింద తూము తీసి, ఏ మడికి ఎంత నీళ్లు పారాలో చూసేది నీరటి. ఒంట్లో ఆ పని చేసేవి ఆర్టీరియోల్స్ అనే సన్నని రక్తనాళాలు. వీటి గోడల్లో కండరం ఉంటుంది. అది బిగిస్తే దారి ఇరుకు, వదిలితే వెడల్పు. నాళం వెడల్పు సగానికి తగ్గితే ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది! అంటే చిన్న మార్పు చాలు.

అయితే అన్ని అవయవాలకూ ఒకటే రూలు కాదు. మెదడు తన వాటా నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్లు. బీపీ కొంత పెరిగినా తగ్గినా దాన్ని దాదాపు అట్లనే కాపాడుకుంటుంది. కండరాలది వేరే లెక్క. జనగామ మార్కెట్ యార్డులో వడ్ల బస్తా ఎత్తే హమాలీనే చూడండి. కండరం పని చేస్తుంటే కార్బన్ డయాక్సైడ్, పొటాషియం లాంటివి అక్కడ పోగవుతాయి. వాటితోనే అక్కడి నాళాలు తెరుచుకుంటాయి. అట్లా రక్తం పది రెట్లకు పైగా పెరగొచ్చు.

చర్మానికి ఆర్డర్ మెదడు నుంచి వస్తుంది. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో మే నెల ఎండకు పనిచేసే కార్మికుడి ఒంట్లోని వేడి బయటికి పోవాలి. అందుకు చర్మంలోని నాళాలు విచ్చుకుంటాయి. మామూలుగా చర్మానికి అర లీటరు కూడా పోదు. విపరీతమైన వేడిలో 6 నుంచి 8 లీటర్ల వరకు పోగలదు.

గుండె వేగం పెంచినా కండరాలు, చర్మం రెండింటికీ సరిపోదు. పైగా చెమటతో రక్తంలో నీళ్లు తగ్గిపోయాయి. అప్పుడు పేగులకు, కిడ్నీలకు పోయే దారులు బిగుస్తాయి. రెండు కిడ్నీలూ కలిపి 300 గ్రాములే ఉన్నా, మామూలుగా నిమిషానికి లీటరుకు పైగా రక్తం తీసుకునేవి. ఇప్పుడు వాటి వాటాకే కోత. అమ్మ లేవగానే రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు క్షణంపాటు సరిగా అందలేదు. అందుకే కండ్లు తిరిగాయి.

ఈ కరువులో కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేసి తన దారి పూర్తిగా మూసుకుపోకుండా చూసుకుంటుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు ఆపేది సరిగ్గా వాటినే! నొప్పి తగ్గుతుంది, కిడ్నీ తూము కూడా మూసుకుంటుంది. నేను అమ్మకు ఇచ్చింది అదే.

కాబట్టి ఎండలో పనిచేసి వచ్చినవాళ్లు నొప్పి గోలీ అడిగితే ముందు నీడన పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టండి. స్పృహలో ఉంటే లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి మెల్లగా తాగించండి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, అసలు రాకపోయినా ఆ గోలీలు వద్దు, డాక్టర్‌కు చూపించండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా తడిబట్టతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. బీపీకి, కిడ్నీకి రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అవి మానొద్దు.

ఇంట్లో మందుల డబ్బా తెరిచి ఏ గోలీలు ఉన్నాయో ఈరోజే చూడండి. పేర్లు అర్థం కాకపోతే కామెంట్‌లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!