మీటింగు ఎన్ని గంటలకు?

వేదిక ఎక్కగానే ముఖ్య అతిథి చేసిన మొదటి పని, తనకి కప్పిన నల్ల గౌను విప్పి కుర్చీకి తగిలించడం. "గుంటూరు ఎండకి ఈ వేషం ఎవరు పెట్టారో గానీ, వాళ్లనోసారి మిట్టమధ్యాహ్నం మిర్చి యార్డులో నిలబెట్టాలి" అన్నారు. హాలంతా నవ్వింది. ప్రిన్సిపాలుకీ, పాలకవర్గానికీ, వెనక వరసల్లో సర్దుకు కూర్చున్న అమ్మానాన్నలకీ నమస్కారాలు ఒకే గుక్కలో అయిపోయాయి. తన గొప్పలు చదవబోయిన అధ్యాపకుణ్ణి చేత్తోనే ఆపేశారు.

ఆవిడ రిటైరైన మండల విద్యాశాఖాధికారి. పల్నాడు పల్లెలో సెకండరీ గ్రేడ్ టీచరుగా మొదలుపెట్టి, పశ్చిమ ప్రకాశంలో ఎంఈఓగా చేసి దిగిపోయారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు బీఈడీ పట్టా అందుకోబోతున్న పిల్లలు. పత్తి, మిరప పండే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ.

"2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అన్న దగ్గర్నుంచీ మీ ఒళ్లు ఇక్కడున్నా మనసు అవనిగడ్డ కోచింగులో ఉంది. నాకు తెలుసు. తప్పేం లేదు, ఉద్యోగం రావాల్సిందే. వచ్చాక మీకో పైఅధికారి ఉంటుంది. ఆవిణ్ణి మీకెవరూ పరిచయం చేయరు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కి మిరప కోతకి పోతుంది. ఆవిడ గురించి మాట్లాడి దిగిపోతాను" అన్నారు. దిగిపోవడానికి ఆవిడకి ముప్పావు గంట పట్టింది.

ఆ పైఅధికారి హోదా చట్టంలోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకి యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు కావాలి. అణగారిన వర్గాల తల్లిదండ్రులకి వాళ్ల పిల్లల సంఖ్యని బట్టి చోటివ్వాలి. మన రాష్ట్ర నియమాలు తరగతికి ముగ్గురిని ఎన్నుకోమన్నాయి. బడి నడక చూడటం, వచ్చిన డబ్బు ఎటు పోయిందో అడగడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం వాళ్ల పని. హెడ్మాస్టరు కన్వీనరు మాత్రమే.

"ఇది ఢిల్లీ నుంచి ఊడిపడింది కాదు" అని గుర్తు చేశారావిడ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే బడుల నిర్వహణలో సమాజ భాగస్వామ్యానికి ప్రత్యేకంగా చట్టం చేసి పాఠశాల కమిటీలు పెట్టింది. అంతకు ఐదేళ్ల ముందు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ఎదుటి పక్షం పేరు కూడా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. "ఇన్నేళ్లు చట్టం చేతిలో పెట్టుకుని కూడా మన కమిటీలు ఎలా ఉన్నాయో చెప్పమంటారా?" అని, జవాబు కోసం ఆగకుండా చెప్పుకుపోయారు.

తనిఖీకి వెళ్తే ఆవిడ ముందు అడిగేది హాజరు పట్టీ కాదట, తీర్మానాల పుస్తకం. అట్ట నలక్కుండా బీరువాలో కొత్తగా ఉందంటే అనుమానించాలంటారు. ఒక బడిలో పద్నాలుగు సంతకాలూ ఒకే నీలి పెన్నుతో, ఒకే వాలుతో ఉన్నాయి. తేదీ చూస్తే కనుమ. బడికి సెలవు, ఊళ్లో కోడిపందేలు, కమిటీకి మాత్రం నిండు కోరం. "మరుగుదొడ్ల మీద చర్చించారట ఆ రోజు! కనుమ నాడు మాంసం చట్టి పొయ్యి మీద పెట్టి, మరుగుదొడ్ల మీద చర్చ!" హాలు మళ్లీ నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఇక్కణ్ణుంచి ప్రసంగం ఆవిడ పాత గొడవలోకి జారింది. కమిటీ ఎవరిది, ఎన్నిక ఎలా అన్నవి తర్వాతి మాటలు. మీటింగు ఎన్ని గంటలకి పెడుతున్నారన్నదే ఆవిడ ప్రశ్న.

ఈ మైదానాల్లో ఏడాది పొడుగునా ఆడ కూలీల రోజు ఎలా నడుస్తుందో ఆవిడ లెక్క అప్పజెప్పారు. వానాకాలమంతా పత్తిలో కలుపు. దసరా దాటితే పత్తి తీత. సంక్రాంతి నుంచి వేసవి దాకా మిరప కోతలు. ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పని. తెల్లారకముందే వంట, ఏడింటికల్లా మేస్త్రి ఆటో, దీపాలు పెట్టే వేళకి ఇల్లు. పత్తి తీతకి కిలో లెక్కన కూలి. కోతల్లోనూ చాలాచోట్ల తూకాన్ని బట్టే. కిలో లెక్క అంటేనే పిల్లాడి చెయ్యి కూడా తక్కెడలో పడుతుంది. ఇక కమిటీ మీటింగు ఎప్పుడు? పనిరోజు, మధ్యాహ్నం మూడింటికి.

"అంటే ఆ తల్లి ఒక పూట కూలి పోగొట్టుకుని మీ ముందు కూర్చోవాలి. రాకపోతే మీరు రిపోర్టులో ఒక వాక్యం రాస్తారు. తల్లిదండ్రులకు ఆసక్తి లేదు అని. ఏమర్రా, మీ జీతం కోసేస్తానంటే మీరొస్తారా మీటింగుకి?"

ఆ వాక్యమంటే ఆవిడకి ఒళ్లుమంట. పేదవాళ్లకి పిల్లల చదువు మీద శ్రద్ధ లేదన్న మాట పచ్చి అబద్ధమని 1990ల్లోనే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసి చూపించింది. పనిలో ఉన్న పిల్లల్ని క్యాంపులకి తెచ్చి, చదివించి, బడుల్లో కూర్చోబెట్టింది. కూలి పోయినా సరేనని పంపింది ఆ తల్లిదండ్రులే. ఆ పనికే శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. "అవార్డు సంగతి జనరల్ నాలెడ్జి బిట్టుగా మీకు కంఠతా వచ్చే ఉంటుంది. పని సంగతి కూడా చదవండి" అని ముందు వరస వైపు ఓ చూపు విసిరారు.

తర్వాత చెప్పిన సంగతికి ఊరి పేరు లేదు, బడి పేరూ లేదు. ఎంఈఓగా కొత్తగా చేరిన ఏడు, కోతల కాలం. ఒక ఊళ్లో కమిటీ మీటింగు రాత్రి ఏడున్నరకి పెట్టమన్నారు. అదీ బడిలో కాదు, ఎస్సీ కాలనీలో చర్చి అరుగు మీద. "రాత్రిపూట ఎవరొస్తారు మేడం" అని హెడ్మాస్టరు గొణిగాడు. పరిచిన పట్టాలు చాలలేదు. ఆడవాళ్లు స్నానాలు చేసి వచ్చారు గానీ చేతుల మంట చల్లారలేదు. పగలంతా మిరపకాయ తెంపిన చేతులు కొబ్బరినూనె రాసినా మండుతూనే ఉంటాయి. చంటిపిల్లల్ని అత్తల ఒళ్లో పడేసి, చేతులు దూరంగా పెట్టుకుని కూర్చున్నారు. పిల్ల మొహం మీద చెయ్యి పడితే ఇంక రాత్రంతా ఏడుపే.

ఆవిడ హాజరు పట్టీ తెప్పించి ఒక్కో పేరూ పైకి చదివారు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో కూడా. నాలుగో పేరో ఐదో పేరో చదివేసరికి వెనక నుంచి ఒకామె లేచింది.

"మా వోడు సంక్రాంతి కాడ నుంచి నాతోనే చేలో ఉండాడు గదమ్మా. బడికి ఎప్పుడొచ్చాడు?"

హెడ్మాస్టరు ట్యూబులైటు వంక చూడటం మొదలుపెట్టాడు. ఇంకో తల్లి లేచింది, ఆ తర్వాత మరొకామె. పట్టీలో పిల్లాడు రోజూ బడికొచ్చాడు. మధ్యాహ్న భోజనం లెక్కలో గుడ్డు కూడా తిన్నాడు. చేలో మాత్రం తల్లి పక్కన సాలు పట్టి కాయ తెంపుతున్నాడు. "ఏ ఆడిటరూ పట్టలేని దొంగ లెక్కని ఆ తల్లి ఒక్క మాటతో పట్టేసింది. అదీ తన కొడుకుని పనికి తీసుకుపోతున్నానని నలుగురిలో ఒప్పుకుని మరీ. ఇప్పుడు హాజరు యాప్‌లో వేస్తున్నారు. మంచిదే. యాప్ మిరప చేలోకి రాదు నాయనా."

ఆ రాత్రి తీర్మానం చిన్నది. చేలకి పోలేని ఒక అవ్వ, ఒక పిల్ల సంరక్షకురాలిగా కమిటీలో ఉన్నామె, రోజూ అన్నం వేళ బడికి వెళ్లి తలలు లెక్కపెట్టాలి. ఆమెకి చదువు రాదు. వంటషెడ్డు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. పట్టీలో అంకెకీ గోడ మీద గీతలకీ తేడా వస్తే సాయంత్రానికల్లా కాలనీ అంతా తెలిసిపోయేది. ఆ నెలలోనే కొందరు పిల్లలు బడికి తిరిగొచ్చారు. మొదట లేచి మాట్లాడిన ఆమె కొడుకు మాత్రం కోతలు ముగిశాకే వచ్చాడు. అప్పు కింద మేస్త్రి దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు మరి. ఈ ముక్క ఆవిడ దాచలేదు. కమిటీ అప్పు తీర్చలేదు కదా అన్నారు.

ప్రసంగం మధ్యలో అమెరికాలోని షికాగో బడుల మాటా వచ్చింది. అక్కడ 1988లో చట్టం చేసి బడి బడికీ స్థానిక మండళ్లు పెట్టారు. ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు ఊరివాళ్లు, ఇద్దరు టీచర్లు, ప్రిన్సిపాలు. ఆ ప్రిన్సిపాలుని ఎంచుకునేది, ఒప్పందం పొడిగించాలో వద్దో తేల్చేది ఆ మండలే. బడ్జెట్‌కి ఆమోదం తెలిపేదీ అదే. "మన దగ్గర అంత వద్దులెండి, హెడ్మాస్టర్లకి గుండెపోటు వస్తుంది" అని నవ్వించి, అక్కడా ఎన్నికల ఉత్సాహం మొదట్లో ఉన్నంత తర్వాత లేదని, అధికారం ఇచ్చినంత మాత్రాన జనం వచ్చి కూర్చోరని కలిపారు.

మన తల్లుల చేతిలో అంత అధికారం లేకపోయినా వాళ్ల డబ్బు బడిలో ఉంది. ఆవిడ ఈ మాట రెండుసార్లు చెప్పారు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు బడుల బాగుచేత పనులు నడిచింది పేరెంట్స్ కమిటీల ఖాతాల మీదే. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చిన అమ్మ ఒడి డబ్బులో కొంత మరుగుదొడ్ల నిర్వహణకి మినహాయించారు. 2025లో తల్లికి వందనం 15 వేలలోనూ 2 వేలు బడి నిర్వహణకి పోగా 13 వేలే చేతికొచ్చాయి. "ప్రభుత్వాలు మారాయి, పథకం పేరు మారింది, కోత మాత్రం ఉంది. చీపురుకీ ఫినాయిలుకీ ఆ తల్లే కడుతోంది. దొడ్డి కంపు కొడితే అడగటానికి ఆమెకి మూడింటి మీటింగా?"

అడగాల్సిన చోట అడగని సందర్భమూ ఎత్తారు. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. చిన్నపిల్లలు పెద్ద రోడ్డు దాటాలన్నది వాళ్ల భయం. 2025లో ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు. "చట్టం ఇచ్చిన కమిటీ ఉండగా వాళ్లు రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చిందంటే ఆ కమిటీ ఎక్కడుందో ఆలోచించండి" అని, రాజకీయం అంటారేమోనని కాబోలు, నీళ్లు తాగి దారి మార్చారు.

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా కమిటీ ఎన్నికలు జరిగాయి. డిసెంబరు 7న బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిపారు. రంగవల్లులు, ఆటలు, భోజనాలు. పండగ జరగడం తనకి ఇష్టమేనని, ఆ రోజు బడి మెట్లెక్కిన తల్లుల్లో చాలామందికి అదే మొదటిసారి అయి ఉంటుందని ఆవిడ అన్నారు. అయితే పండగ ఫొటో అప్‌లోడ్ అవుతుంది. జనవరి నెల మీటింగుకి ఫొటో కూడా ఉండదు.

అందరికంటే కింద ఉన్నవాళ్ల మాట చివర్లో వచ్చింది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు కర్నూలు జిల్లా ఊళ్ల నుంచి కుటుంబాలకి కుటుంబాలే సుగ్గికని, అంటే కోతల పనికి వలసగా, గుంటూరు, పల్నాడు చేలకి వస్తాయి. గట్ల పక్కన టార్పాలిన్ డేరాలు వేసుకుని కోతలయ్యేదాకా ఉంటాయి. వెంట పిల్లలు. సొంత ఊళ్లో సీజనల్ హాస్టలు తెరిస్తే, అవ్వాతాతలు ఉంటే, కొందరు ఆగుతారు. మిగతావాళ్లు ఇక్కడ ఏ బడి పట్టీలోనూ ఉండరు. వాళ్ల తల్లికి అక్కడి కమిటీలో ఓటున్నా మీటింగుల వేళకి ఇక్కడుంటుంది. ఇక్కడి కమిటీకి ఆమె ఎవరో తెలీదు. "మీరు పోస్టింగుకి వెళ్లిన ఊళ్లో డేరాలు కనబడితే, ఆ పిల్లల్ని ఎవరు లెక్కపెట్టాలని మీ కమిటీని అడగండి. నేనడిగితే ఒక సర్పంచిగారు, వాళ్లు మన ఊరోళ్లు కాదు కదండీ అన్నారు. కోసిన మిరపకాయ మాత్రం మన ఊరిదే."

ఇక్కడ గొంతు కాస్త బిగిసింది. వెంటనే సర్దుకుని, మూడో వరసలో ఫోన్ చూసుకుంటున్న అబ్బాయిని లేపారు.

"నీ పేరొద్దు. మీ అమ్మ ఏం చేస్తుంది?"

"కూలికి పోతుందండీ."

"నువ్వు చదివిన బడిలో కమిటీ మీటింగుకి ఎప్పుడైనా వెళ్లిందా?"

"ఒకసారి పిలిచారంటండీ. కోతలకి పోయి ఉంది."

"కూర్చో నాయనా. ఫోన్ లోపల పెట్టు" అని, ప్రిన్సిపాలు వైపు తిరిగారు. రెండేళ్ల బీఈడీలో ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. పాఠ్య ప్రణాళికల ఫైళ్లు, చార్టులు, మోడళ్లు అన్నీ ఉన్నాయి. అందులో ఒక్క కమిటీ మీటింగయినా పిల్లలు చూసినట్టు, తీర్మానాల పుస్తకం చదివినట్టు రికార్డు ఉందా అని అడిగారు. లేదు. వచ్చే బ్యాచి నుంచి పెట్టాలని, విద్యార్థి కనీసం ముగ్గురు తల్లుల ఇళ్లకి వెళ్లి మీటింగు వేళ వాళ్లనే అడిగి రాయాలని కోరారు.

ప్రిన్సిపాలు మైకు అందుకుని, తప్పకుండా పరిశీలిస్తామన్నారు.

"పరిశీలిస్తాం అని సర్వీసంతా నేనూ రాశానండీ, దాని అర్థం నాకు తెలుసు. తేదీ చెప్పండి."

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాలు డైరీ తిప్పి ఫిబ్రవరి అన్నారు. అప్పటికి కోతలు ముమ్మరంగా ఉంటాయి, ఇళ్ల దగ్గర ఎవరూ దొరకరని ఆవిడ ఒప్పుకోలేదు. కాసేపు బేరమాడి నవంబరు మొదటి వారానికి కుదుర్చుకున్నారు. సాయంత్రం ఏడు దాటాక అని పక్కన రాయించి, ఇక పట్టాలు పంచమన్నారు.