నెలలు నిండని శిశువుల రక్షణము

(మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఏడవ మాసమున పుట్టిన బిడ్డ బ్రతుకుననియు, ఎనిమిదవ మాసమున పుట్టినది దక్కదనియు మన యిండ్లలో నొక మాట కలదు. అది సత్యము గాదు. గర్భమున గడపిన ప్రతి వారమును శిశువునకు బలమే. 37 వారములు నిండకమునుపే జన్మించిన బిడ్డకు చర్మము క్రింద క్రొవ్వు తక్కువ; ఒడలి వేడి నిలువదు; పాలు కుడుచు శక్తి చాలదు; రోగములు సులభముగ నంటును. ఇట్టి బిడ్డలను ఇంక్యుబేటరు అను వెచ్చని పెట్టెలో నుంచి పెంచుదురు. అవి చాలని యాసుపత్రి యేమి చేయవలయును?

ఈ ప్రశ్నకు దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున నుత్తరము దొరకినది. రాజధానియగు బొగోటా నగరపు మాతాశిశు వైద్యశాలలో పెట్టెలు చాలక, ఒక్కొక్కదానియందు ఇద్దరు ముగ్గురు శిశువుల నుంచుచుండిరి. ఒకరి రోగ మొకరికి సోకుచుండెను. 1978వ సంవత్సరమున ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు శిశువును తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు నిలువుగా నుంచి, వస్త్రముతో కట్టించి, తల్లిపాల నిప్పించెను. కంగారూ తన కూనను సంచిలో మోయు రీతిని బోలుటచే దీనికి కంగారూ మాతృసంరక్షణమను పేరు గలిగెను.

చిరకాలము బిడ్డ కుదుటబడిన పిమ్మటనే దీనిని ప్రారంభించుచుండిరి. పుట్టిన వెంటనే ప్రారంభించిన నేమగునో ప్రపంచారోగ్య సంస్థవారు ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశములందును, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియందును పరీక్షించిరి. ఫలితములు 1 కిలో మొదలు 1.8 కిలోలలోపు తూగు శిశువులను గూర్చినవి, 2021లో వెలువడినవి. పాతపద్ధతిని 28 దినములలో నూటికి సుమారు 16 మంది మరణింపగా, క్రొత్తపద్ధతిని 12 మంది మరణించిరి. 2022లో ఆ సంస్థ యీ పద్ధతినే విధించినది.

ఇందుకు విలువైన యంత్రము లక్కరలేదు గాని, తల్లికి బిడ్డచెంతనే మంచము కావలయును. తల్లి యొక వార్డునను, బిడ్డ వేరొక వార్డునను ఉన్నచో నిది సాగదు. ఊపిరి యాడని బిడ్డకు ప్రాణవాయువును, వైద్యుని కావలియును తప్పవు. రొమ్ముపై నుంచుట వానికి బదులు గాదు.

ఇక మన వంతు. తల్లి దినమున కెన్నియో గంటలు బిడ్డను మోయవలయుననిన, వంటయు నీళ్లును ఇతరులు చూడవలయును. ఆమె యలసినప్పుడు తండ్రియు, అమ్మమ్మయు, నాయనమ్మయు తమ రొమ్ముపై నెత్తుకొనవచ్చును. పుట్టినతోడనే స్నానము చేయించుట మానుడు; చలి యీ పసికందునకు ప్రాణాంతకము. కుడువలేని బిడ్డకు వైద్యులు చెప్పినట్లు తల్లి పిండిన పాలనే ఉగ్గుగిన్నెతో పట్టుడు; తేనెయు చక్కెరనీళ్లును వలదు.

"నెలతక్కువ బిడ్డ, దక్కునా" యని పెదవి విరుచుటకు ముందు, ఆ బిడ్డను తల్లి రొమ్మునకు చేర్చితిమా యని విచారింపుడు. ఆసుపత్రులకు విరాళము లిచ్చు దాతలు పెట్టెలతోపాటు తల్లులకు మంచములును ఇప్పింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.