మందు వికటిస్తే మన హక్కు



ఈనాటి నా ప్రసంగం మొటిమల మందు గురించి. మన సరిహద్దు ఊళ్లలో కొందరు వీటిని మొడవెలు అని కూడా అంటారు. మొటిమలకేం ప్రసంగం అని నవ్వకండి. పదో తరగతి చదివే పిల్లలూ, పెళ్లి చూపులకు కూర్చోబోయే అమ్మాయిలూ వీటి కోసం ఎంత దిగులు పడతారో ఇంట్లో పెద్దలకు తెలుసు. ఆ దిగులులో వాడిన మందు వికటిస్తే ఎవరిని అడగాలి? చట్టం మనకేం చెబుతుంది? దీన్ని కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముదిరిన మొటిమలకు చర్మ వైద్యులు రాసే మాత్ర ఒకటుంది. దాని పేరు ఐసోట్రెటినాయిన్. ఇది విటమిన్ ఏ కుటుంబానికి చెందినది. బాగా పనిచేస్తుంది. అయితే పెదవులు ఎండిపోతాయి, రక్తంలో కొవ్వు పెరగవచ్చు, కాలేయంపై ప్రభావం ఉండవచ్చు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గర్భిణులకు. ఈ మాత్ర వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలగవచ్చు. మందు ఆపిన తర్వాత కూడా కనీసం ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ కాలంలో రక్తదానం కూడా చేయకూడదు. ఈ సంగతి పెళ్లి కుదిరిన అమ్మాయికి ఎవరైనా నోటితో చెప్పాలా, వద్దా? అసలు ప్రశ్న ఇదే.

ఈ మందును అమెరికాలో 1982లో రోష్ కంపెనీ అక్యుటేన్ అనే పేరుతో విడుదల చేసింది. తర్వాత పేగుల జబ్బు వచ్చిందంటూ వేలమంది కోర్టుకెక్కారు. అలబామాకు చెందిన ఒకతనికి 2010లో జ్యూరీ రెండున్నర కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంది. ఆ తీర్పును న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2017లో నిలబెట్టింది. అదే కోర్టు 2018లో, పేగు జబ్బుకు మందే కారణమని చెప్పిన నిపుణుల సాక్ష్యం శాస్త్రీయంగా నిలవదన్నది. దాంతో రెండు వేలకు పైగా దావాలు వీగిపోయాయి. కంపెనీ మాత్రం 2009లోనే ఆ పేరుతో అక్కడ అమ్మడం మానేసింది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? బాధ ఎంత నిజమైనదైనా, ఆ బాధకు మందే కారణమని రుజువు కావాలి.

మరి మన దేశంలో? వైద్యుడికి రుసుము ఇచ్చి చేయించుకునే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 1998లో అమెరికా నుంచి కలకత్తా వచ్చిన అనురాధా సాహా అనే ఆమెకు ఒంటిమీద దద్దుర్లు లేచాయి. డెపో-మెడ్రాల్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షను రోజుకు రెండుసార్లు రాశారు. ఆమె చర్మం ఊడిపోయే జబ్బుతో చనిపోయింది. భర్త స్వయంగా వైద్యుడు. ఆయన పట్టు వదలకుండా పోరాడితే 2013లో సుప్రీంకోర్టు సుమారు 6 కోట్ల రూపాయలు, దానిపై వడ్డీ ఇప్పించింది. పదిహేనేళ్లు పట్టింది చూడండి.

ఇప్పుడు 2019 నాటి కొత్త చట్టం అమలులో ఉంది. ఇందులో ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడవలసిన మందు విషయంలో, హెచ్చరికలను వైద్యుడికి సరిగా అందజేస్తే చాలు, హెచ్చరించలేదన్న నింద కంపెనీ మీద నిలవదు. అంటే ఆ మాటను మనకు చేరవేసే బాధ్యత వైద్యుడిది. కంపెనీ ఇచ్చిన హెచ్చరికను అందించకపోతే అమ్మిన దుకాణదారుకూ బాధ్యత ఉంటుంది. చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటే మాత్రం, మధ్యలో మనకు చెప్పే మనిషే లేకుండా పోతాడు. ముఖం తెల్లబడుతుందని రాసుకునే స్టెరాయిడ్ పూతమందుల సంగతీ అంతే. అవి చర్మాన్ని పలచబరుస్తాయి, మొటిమలను ఇంకా పెంచుతాయి. అటువంటి వాటిని 2018లో కేంద్ర ప్రభుత్వం చీటీ మీదనే అమ్మవలసిన మందుల జాబితాలో చేర్చింది.

మన సరిహద్దు వాళ్లకు కొత్త చట్టంలో ఒక పెద్ద మేలు ఉంది. బళ్లారిలో కాపురముండి గుంతకల్లులోనో, ఆదోనిలోనో, అనంతపురంలోనో వైద్యం చేయించుకునేవారు మనలో ఎందరో. పాత చట్టం ప్రకారం అవతలి పక్షం ఉన్నచోటో, సంగతి జరిగినచోటో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రాష్ట్రం మారిందని వెనుకాడనక్కరలేదు. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవల ప్రాధికారం ఉచిత సహాయం చేస్తుంది.

ఒక పరిమితి ఉంది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఈ చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర రుసుము తీసుకునేదైతే, ఉచితంగా చూపించుకున్నవారికీ హక్కు ఉంటుంది. 2024 నవంబరులో మన బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ జరిగిన ఐదుగురు బాలింతలు ఆ తర్వాత చనిపోయిన విషాదం మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లకు ఎక్కించిన సెలైన్‌పై అనుమానం వచ్చింది. ప్రభుత్వం సరఫరా చేసిన కంపెనీపై చర్యలకు దిగింది, కుటుంబాలకు పరిహారం ప్రకటించింది. అటువంటప్పుడు ఏ బ్యాచ్ సీసా ఎవరికి ఎక్కించారన్న లెక్కే దర్యాప్తుకు ఆధారం.

కనుక నేను చెప్పదలచింది ఒక్కటే: కాగితం పారేయకండి. మందుల చీటీ, బిల్లు, మాత్రల పట్టీ మీది బ్యాచ్ నంబరు, పరీక్షల రిపోర్టులు ఒక సంచిలో దాచండి. పది రూపాయలు తగ్గిస్తామన్నా బిల్లు వదులుకోకండి. మందు రాసేటప్పుడే "డాక్టరుగారూ, ఇది వాడితే ఏం ఇబ్బందులు రావచ్చు? చీటీ మీద రాయండి" అని అడగండి. అడగడం అమర్యాద కాదు. పెట్టెలోని ఇంగ్లీషు కాగితం అర్థం కాకపోతే మీ ఊరి బడి పంతులు చేత చదివించుకోండి. ఫిర్యాదు కన్నడంలో రాయాలన్నా ఆయన సాయం తీసుకోండి. మాకు రెండు భాషలు వచ్చినందుకు అదైనా ఉపయోగం ఉండాలి కదా!

మందు పడకపోతే ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లండి. తర్వాత 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి చెప్పండి. ఇది మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానిది. పరిహారం ఇవ్వదు గాని, మీరు చెప్పిన మాట ఇంకొకరి బిడ్డను కాపాడవచ్చు.

మంచి మందును చూసి భయపడవద్దు, తెలుసుకుని వాడండి.