టమాటాలో రాసి ఉన్న అక్షరాలు



టమాటా లేని వంటిల్లు లేదు. పప్పులో టమాటా. చారులో టమాటా. మదనపల్లె మార్కెట్టు టమాటాకు పెట్టింది పేరు. కానీ టమాటా పుట్టిల్లు మన దేశం కాదు. దక్షిణ అమెరికా. అక్కడి ఆండీస్ కొండల్లో అడవి టమాటాలు నేటికీ ఉన్నాయి. సుమారు 500 ఏళ్ల కిందట మెక్సికో నుంచి కొద్ది విత్తనాలు ఓడలెక్కి యూరప్ చేరాయి. అక్కడి నుంచి దేశదేశాలకు పాకాయి.

అందుకే సాగు టమాటాలు చాలావరకు దగ్గరి చుట్టాలు. ఒకటి గుండ్రం, ఒకటి కోల. పైకి వేరు. లోపల అన్నదమ్ములు. తెగులుకు ఒకటి లొంగితే మిగతావీ లొంగే ప్రమాదం ఉంది.

ఆకుముడత తెగులునే చూడండి. తెల్లదోమ ఈ వైరస్‌ను మోసుకొస్తుంది. ఆకులు ముడుచుకుంటాయి. మొక్క గిడసబారుతుంది. పూత రాలుతుంది. అప్పు తెచ్చి నారు నాటిన రైతుకు కాయ దక్కదు. సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు.

మరి దారేమిటి? అడవి టమాటా! ఒక అడవి రకానికి ఈ తెగులును తట్టుకునే గుణం ఉంది. మన దేశపు శాస్త్రవేత్తలు కల్లూ, బెనర్జీ సంకరం చేసి ఆ గుణాన్ని సాగు టమాటాలోకి తెచ్చారు. 1990లో ఆ సంగతి ప్రకటించారు.

సంకరం చేస్తే ఎన్నో పిల్ల మొక్కలు వస్తాయి. ఏ మొక్కకు గుణం వచ్చింది? కంటితో చూస్తే తెలియదు. తెగులు వచ్చేదాకా ఆగాలి.

ఇక్కడే కొత్త చదువు పనికొచ్చింది. తెలుగుకు 56 అక్షరాలు. మొక్కకు నాలుగే! ఏ, టి, జి, సి. దాని గుణాలన్నీ డి.ఎన్.ఏ.లో ఈ అక్షరాలతోనే రాసి ఉంటాయి. 'కల', 'కళ' చూడండి. ఒక్క అక్షరం మారితే అర్థమే మారింది. మొక్కల రాతలోనూ అలాంటి తేడాలుంటాయి. ఆ తేడాలనే గుర్తులుగా వాడతారు. వాటిని మార్కర్లు అంటారు.

ఎలా చదువుతారు? లేత ఆకు తుంచి నూరుతారు. డి.ఎన్.ఏ. తీస్తారు. కావలసిన ముక్కకు యంత్రంలో లక్షల నకళ్లు తీస్తారు. జెల్లీ వంటి పలకలో కరెంటుతో నడిపిస్తారు. చిన్న ముక్క ముందుకు పోతుంది. పెద్దది వెనకబడుతుంది. గీతలు ఏర్పడతాయి. గీతలు ఒకేలా ఉంటే దగ్గరి చుట్టాలు. వేరైతే దూరపు చుట్టాలు. దూరపు వాటిని కలిపితే కొత్త గుణాలు వచ్చే వీలు ఎక్కువ.

టమాటాకు 12 జతల క్రోమోజోములు. ఆ అడవి గుణం 11వ దానిపై ఉందని తైవాన్‌లోని కూరగాయల పరిశోధన కేంద్రం వారు 2000లో గుర్తులతో చూపారు. ఇప్పుడు నారు దశలోనే మంచి మొక్కను ఏరవచ్చు.

గుర్తులు చదివితే మొక్క మారదు. పుస్తకం చదివితే పుస్తకం మారుతుందా?

ఒక్క మాట మరవకండి. వైరస్ కూడా మారుతూ ఉంటుంది. కొన్నిచోట్ల ఆ గుణానికి అది లొంగలేదు. కాబట్టి నారుమడికి వల కట్టాలి. తెగులు మొక్కను పీకేయాలి. ఇంట్లో పాత నాటు విత్తనం ఉంటే పారేయకండి. ఇంకా ఎవరూ చదవని మంచి అక్షరం అందులో ఉందేమో!