తడిమంచు - తస్మాత్ జాగ్రత్త!

(నోయిడాలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరీక్షలయ్యాక నాలుగు రోజులు సెలవులొస్తే చాలు, మన అరుణ్ విహార్ నుంచి, జలవాయు విహార్ నుంచి కార్లు మనాలీకో, ఔలీకో బయలుదేరతాయి. 2020లో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక సిస్సు దాకా వెళ్ళడమూ తేలికైంది. మన కుర్రాళ్ళు గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకుని, లిఫ్టులున్న చోటు దాటి లోపలి కొండల్లోకి కూడా పోతామంటున్నారు. సంతోషమే. అయితే "చలికాలం పోయింది, ఎండ కాస్తోంది, ఇక భయమేముంది?" అనే మాట తరచూ వినబడుతోంది. ఈ నాలుగు ముక్కలూ ఆ మాట గురించే.

అవలాంచ్ అనగానే మనకు సియాచిన్ గుర్తొస్తుంది. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు వద్ద మంచుగోడ కూలి మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది అమరులయ్యారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. అది గడ్డకట్టే చలిలో జరిగింది. కానీ ప్రమాదం చలికాలంతో పోదు. 2023 ఏప్రిల్ 4న, పట్టపగలు, సిక్కింలో నాథూలా వెళ్ళే రోడ్డు మీద మంచు చరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు.

ఎండాకాలం ముందు మంచుకు ఏమవుతుంది? మన ఊళ్ళో వానకు నానిన మట్టిగోడను తలుచుకోండి. వాన కురిసేటప్పుడు నిలబడే ఉంటుంది, లోపలికి నీరు దిగాక ఒక్కసారిగా కూలుతుంది. మంచూ అంతే. కరిగిన నీరు పైపొర నుంచి కిందికి దిగి, రేణువుల మధ్య పట్టును వదిలిస్తుంది. కింద గట్టి పొర అడ్డమొస్తే నీరు అక్కడే నిలిచి, పైనున్నదంతా జారడానికి దారి చేస్తుంది. తడిమంచు పొడిమంచు కన్నా నెమ్మదిగానే వస్తుంది, కానీ బరువు చాలా ఎక్కువ. ఆగిందంటే సిమెంటులా బిగుసుకుంటుంది. మనిషి తనంతట తాను బయటపడటం దాదాపు అసాధ్యం.

అందుకని ముందుగా చూడవలసింది పగటి ఎండను కాదు, గడిచిన రాత్రిని. ఆకాశం నిర్మలంగా ఉంటే పైమంచు బాగా గడ్డకడుతుంది. మబ్బు పట్టిందా, అది దుప్పటి కప్పినట్టే; వేడి పైకి పోదు, మంచు గడ్డకట్టదు. వాన పడితే మరీ ప్రమాదం. అలాంటి రాత్రి తరవాత తెల్లవారుజామున కూడా ఏటవాలు జోలికి పోకూడదు.

బాగా గడ్డకట్టిన రోజున పొద్దున్నే బయలుదేరాలి. మొదట తూర్పు వాలు, తరవాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమటి వాలు ఎండకు మెత్తబడతాయి. పైన కల్లుప్పు లాంటి రేణువులు అంగుళం మేర మెత్తబడి, కింద గట్టిగా ఉన్న కాసేపే స్కీయింగ్‌కు మంచి సమయం. అది దాటితే దిగిపోవాల్సిందే. తిరుగు ప్రయాణం వేళ ఇంటి దగ్గరే నిర్ణయించుకోవాలి; కొండ మీద నిలబడి బేరాలు పెట్టుకోకూడదు.

ప్రకృతి ముందే హెచ్చరిస్తుంది. వాలు మీద సున్నుండల్లా మంచు ఉండలు వాటంతటవే దొర్లుతుంటే, బూటు చీలమండ దాటి దిగబడుతుంటే, పిడికిట్లో పిండితే నీళ్ళు కారుతుంటే, పక్క వాలు మీద అప్పటికే చరియ జారి ఉంటే వెనుదిరగండి. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే ఎక్కువ చరియలు మొదలవుతాయి. కానీ వాటి కింద చదునులో నిలబడ్డవాడికీ ముప్పే. కాబట్టి స్కీయింగ్ చేయనివాళ్ళు కూడా, కొండ గండి మంచుతో కిందికి దిగేచోట కారాపి ఫొటోలు దిగకండి.

లోపలి కొండల్లోకి వెళ్ళే ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్సీవర్, ప్రోబ్ కర్ర, పార ఉండాలి. వాటిని వాడటం నేర్చుకునే వెళ్ళాలి. ప్రమాదకరమైన వాలును ఒక్కొక్కరుగా దాటాలి. మంచులో కూరుకున్నవారికి మొదటి పది, పదిహేను నిమిషాలే ప్రాణం. హెలికాప్టర్ వచ్చేదాకా ఆ గడియారం ఆగదు; తవ్వి తీయవలసింది పక్కనున్న స్నేహితుడే.

1969లో మనాలీలో మొదలైన మంచు, అవలాంచ్ అధ్యయన సంస్థ 2020లో డిఆర్‌డిఓ వారి డిజిఆర్ఇలో కలిసింది. ఆ సంస్థ ఇచ్చే హెచ్చరికలు చూడండి, స్థానికుల్ని అడగండి, పోలీసులు రోడ్డు మూశారంటే వాదనకు దిగకండి.

చివరిగా ఒక్క మాట. ఎంత ప్రమాదమున్నా పోస్టు మీదున్న జవానుకు వెళ్ళక తప్పదు. సెలవులో ఉన్న మనకు ఆ బలవంతం లేదు. వెనుదిరగడం పిరికితనం కాదు. కొండ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. మన పిల్లలూ ఉండాలి.

జై హింద్!