సినిస్: ఇసుక కూడా మోసుకెళ్లనివ్వని తీరం

ముందు ఒక ప్రశ్న. బీచ్‌కి వెళ్లి, జేబులో రెండు గవ్వలో గుప్పెడు ఇసుకో వేసుకోకుండా ఇంటికొచ్చిన వాళ్లు మనలో ఎంతమంది? సూర్యలంక అయినా భీమిలి అయినా, ఏదో ఒకటి తెచ్చుకుంటాం. గాజు సీసాలో పోసి టేబుల్ మీద పెట్టుకుంటాం. మనల్ని ఎవరూ ఏమీ అనరు కూడా.

ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో మాత్రం అంటారు. అక్కడ బీచ్ నుంచి ఇసుక, గులకరాళ్లు, గవ్వలు తీసుకెళ్తూ దొరికితే ఫైన్ 500 యూరోల నుంచి 3,000 యూరోల దాకా ఉంటుంది. అంటే తక్కువలో తక్కువ మన నలభై వేల రూపాయల పైమాటే. 2017లో తెచ్చిన చట్టం ఇది. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్ స్కాన్ చేసేటప్పుడు లాప్‌టాప్ కోసం చూసినట్టే ఇసుక సీసాల కోసం కూడా చూస్తారు. 2019లో ఒక ఫ్రెంచ్ జంట కారులో పద్నాలుగు ప్లాస్టిక్ బాటిళ్లలో దాదాపు 40 కిలోల ఇసుకతో ఓడ ఎక్కబోతూ దొరికారు. అది ప్రపంచమంతా వార్త అయింది. 40 కిలోలు! సూట్‌కేస్‌లో ఆవకాయ జాడీ సర్దడానికే మనం తల పట్టుకుంటాం.

ఈ రోజు చెప్పబోయేది ఆ ద్వీపం పడమటి తీరంలో ఉన్న చిన్న ద్వీపకల్పం గురించి. పేరు సినిస్. మ్యాప్‌లో ఒరిస్తానో అనే ఊరు వెతికి, అక్కడి నుంచి వేలు ఎడమవైపు జరపండి. ఒక పక్క మధ్యధరా సముద్రం, ఇంకో పక్క కాబ్రస్ అనే పెద్ద ఉప్పుటేరు సరస్సు, మధ్యలో తక్కువ ఎత్తు నేల. దక్షిణం వైపు పోను పోను సన్నబడి, చివర సాన్ మార్కో అనే కొమ్ములా సముద్రంలోకి పొడుచుకొస్తుంది. నేను సెప్టెంబర్ మొదటి వారంలో వెళ్లాను. ఆ వారమే ఎందుకో తర్వాత చెప్తా.

ముందు ఇసుక సంగతి. ఇస్ అరూతస్ అనే బీచ్ ఉంది. అక్కడ ఇసుక అనే మాట సరిగ్గా సరిపోదు. బియ్యం గింజలంత రాళ్లు. తెల్లవి, లేత గులాబీవి, అక్కడక్కడా ఆకుపచ్చ ఛాయ ఉన్నవి. అన్నీ క్వార్ట్జ్. తడి కాలితో నడిస్తే కాలికి అంటుకోదు. చేతిలోకి తీసుకుంటే జారిపోతుంది. ఫోన్ కెమెరాలో ఎంత దగ్గరగా తీసినా ఆ మెరుపు రాదు, నేను చాలాసార్లు ట్రై చేశాను.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, తీరానికి ఎదురుగా సముద్రంలో మాల్ ది వెంత్రె అని చిన్న దీవి ఉంది. అదంతా గ్రానైట్. ఇటు సినిస్ నేల చూస్తే సున్నపురాయి, ఇసుకరాయి, బసాల్ట్. అలాంటి పాత గ్రానైట్ వేల వేల ఏళ్లు అరిగి, మెత్తని ఖనిజాలు కొట్టుకుపోయి, గట్టిగా ఉన్న క్వార్ట్జ్ మిగిలింది. కాబట్టి మనం ఒక సీసా నింపుకుంటే వచ్చే ఏడాది అక్కడ ఇంకో సీసా పుట్టదు. వేసవిలో వేలమంది వచ్చే చోట తలా ఒక సీసా అంటే లెక్క మీరే వేసుకోండి.

ఆ దీవి పేరు గురించి ఒక తమాషా. మాల్ ది వెంత్రె అంటే ఇటాలియన్‌లో కడుపునొప్పి. సార్డు భాషలో అసలు పేరు మాలు ఎంతు, అంటే చెడ్డ గాలి. పడవల వాళ్లు ఆ గాలికి భయపడి పెట్టుకున్న పేరు. మ్యాపులు రాసేవాళ్లు సరిగ్గా వినకుండా కడుపునొప్పి చేసేశారు. మన ఊళ్ల పేర్లు ఇంగ్లీషు దొరల చేతిలో ఏమయ్యాయో గుర్తొచ్చింది.

ఇంకో మాట. ఈ తీరంలో కొన్ని చోట్ల ఒడ్డున గోధుమరంగు చెత్తలాంటి కుప్పలు కనిపిస్తాయి. వాసన కూడా వస్తుంది. చాలామంది టూరిస్టులు ముఖం చిట్లించుకుంటారు. అది చెత్త కాదు, పోసిడోనియా అనే మొక్క ఎండుటాకులు. నాచు అనుకుంటారు కానీ నాచు కాదు. వేర్లు, పూలు, కాయలు ఉన్న నిజమైన మొక్క, సముద్రం అడుగున పచ్చిక బీడులా పెరుగుతుంది. చేపపిల్లలకి అదే ఇల్లు. రాలిన ఆకులు ఒడ్డుకు చేరి, చలికాలపు అలలు ఇసుకను కోసెయ్యకుండా అడ్డుకట్టలా పడుంటాయి. శుభ్రం చేస్తున్నాం అని వాటిని ఎత్తిపోస్తే బీచ్ కూడా వాటితో పాటే పోతుంది. ఈ నీళ్లూ తీరమూ 1997 నుంచి రక్షిత సముద్ర ప్రాంతం.

ఇసుక మీద అంత పట్టుదల ఏంటి అనిపిస్తుంది కదా. నాకూ మొదట అతి అనిపించింది. కానీ ఆ ద్వీపకల్పం చివరికి నడిచి తార్రోస్ చూశాక సంగతి అర్థమైంది. ఇక్కడి నుంచి మోసుకెళ్లడం వెయ్యేళ్లుగా నడుస్తున్న వ్యవహారం.

తార్రోస్ ఫినీషియన్లు కట్టిన రేవు పట్నం. తర్వాత కార్తేజ్ వాళ్లు, ఆ తర్వాత రోమన్లు. సముద్రం వైపు వాలిన కొండ మీద నల్ల బసాల్ట్ పరిచిన వీధులు, వీధి మధ్యలో మురుగు కాలువ, స్నానశాలల గోడలు. అందరూ ఫోటో తీసుకునే రెండు స్తంభాలు మాత్రం ఈ కాలంలో సిమెంటుతో తిరిగి నిలబెట్టినవి. చెప్తే కొంచెం నిరాశ పడతారు, అయినా ఫోటో మాత్రం తీసుకుంటారు. సముద్రపు దొంగల దాడులు తట్టుకోలేక 11వ శతాబ్దంలో జనం ఊరు వదిలి లోపలికి, ఒరిస్తానోకి తరలిపోయారు. వెళ్తూ ఊరిని కూడా విప్పి తీసుకెళ్లారు. తార్రోస్ రాళ్లు బండ్లకు బండ్లు తరలిపోతున్నాయని సార్డు భాషలో సామెతే ఉంది. ఊరు ఊరే గని అయిపోయింది.

దాన్ని తప్పు పట్టలేం, అది వాళ్ల ఊరే. అసలు దోపిడీ 1851లో మొదలైంది. లార్డ్ వెర్నన్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి ఇక్కడి పాత సమాధులు తవ్విస్తే బంగారు నగలు బయటపడ్డాయి. ఆ వార్త పాకగానే చుట్టుపక్కల ఊళ్ల నుంచి వందలమంది గునపాలతో దిగిపోయారు. ఎవరికి దొరికింది వాళ్లు అమ్ముకున్నారు. ఇవాళ తార్రోస్ నగల్లో ఒక పెద్ద సేకరణ చూడాలంటే లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లాలి. ఏ నగ ఏ సమాధిలో, ఎవరి పక్కన ఉండేదో చెప్పే వివరం చాలావరకు పోయింది. బంగారం ఉంది, కథ లేదు.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. 1974లో మోంతె ప్రామ అనే చోట పొలం దున్నుతుంటే నాగలికి రాతి ముక్కలు తగిలాయి. తవ్వగా తవ్వగా ఐదు వేలకు పైగా ముక్కలు. మనుషుల కంటే ఎత్తైన రాతి విగ్రహాలు. విలుకాళ్లు, యోధులు, తలమీద డాలు ఎత్తి పట్టిన మల్లయోధులు. కళ్లు చూస్తే వింతగా ఉంటాయి. ఒక వృత్తం లోపల ఇంకో వృత్తం, అంతే. కంపాస్‌తో గీసినట్టు. ఫినీషియన్లు రాకముందు నుంచే ఇక్కడ ఉన్న నురాగిక్ అనే జనం చెక్కినవి, సుమారు మూడు వేల ఏళ్ల పాతవి. కచ్చితమైన కాలం మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.

ఆ ముక్కలు దాదాపు ముప్ఫై ఏళ్లు మ్యూజియం గోడౌన్లో పడున్నాయి. 2007 తర్వాత గానీ వాటిని ఒక్కొక్కటిగా అతికించే పని మొదలవ్వలేదు. ఐదు వేల ముక్కల పజిల్, మూతి మీద బొమ్మ లేని పజిల్. ఇప్పుడు కొన్ని రాజధాని కాల్యరిలో, కొన్ని సినిస్ పక్కనే కాబ్రస్ మ్యూజియంలో ఉన్నాయి. నా మటుకు నాకు అన్నీ కాబ్రస్‌లోనే ఉండాలనిపిస్తుంది. ఆ హాల్లో విగ్రహం చూసి బయటికొస్తే ఎదురుగా అదే సరస్సు, అదే గాలి. అది వేరే.

సరస్సు అన్నాను కదా. కాబ్రస్ సరస్సు రెండు వేల హెక్టార్ల పైనే. చుట్టుపక్కల ఉప్పుటేర్లలో ఫ్లెమింగోలు వాలతాయి. మన పులికాట్‌కి వచ్చే రాజహంసలూ ఇవే, అదే జాతి. సూళ్లూరుపేట వాళ్లకి చూడగానే చుట్టాలొచ్చినట్టు ఉంటుంది. కాల్యరి వైపు వీటిని ఎర్ర జనం అని పిలుస్తారట. ఆ పిలుపు నాకు భలే నచ్చింది.

ఈ నీళ్లలో మల్లెట్ అనే చేప ఉంటుంది. దాని గుడ్ల సంచిని, మన దగ్గర చేప జన అంటామే, అది చిరగకుండా తీసి, ఉప్పేసి, బరువు పెట్టి, ఆరబెడతారు. పండు తేనె రంగులో గట్టిపడుతుంది. పేరు బొత్తార్గా. వేడి స్పగెట్టి మీద తురిమితే ఎండుచేప ఇష్టపడే వాళ్లు రెండో ప్లేటు అడుగుతారు, ఇష్టం లేని వాళ్లు ఆ టేబుల్ దగ్గర కూర్చోలేరు.

అయితే ఈ చేప ఎవరిది? 17వ శతాబ్దంలో స్పెయిన్ రాజు ఖజానా ఖాళీ అయి, ఈ సరస్సును జెనోవా బ్యాంకరు చేతిలో పెట్టాడు. తర్వాత ఒరిస్తానోకి చెందిన ఒక కుటుంబం కొనుక్కుంది. సరస్సుకి యజమాని, ఆ కింద కాపలాదారులు, అందరికంటే కింద జాలర్లు. రెల్లు కట్టలతో కట్టిన పడవ మీద తిరిగేవాళ్లు తమ ఇంటి ముందు నీళ్లలో చేప పడితే దొంగతనం! 1961లో జుసెప్పె ఫియోరి అనే జర్నలిస్టు దీని మీద పుస్తకమే రాశాడు. పేరు 'సరస్సులో జమీందార్లు' అని చెప్పుకోవచ్చు. జాలర్లు ఏళ్ల తరబడి కొట్లాడాక 20వ శతాబ్దం చివర్లో గానీ సరస్సు ప్రజల ఆస్తి కాలేదు. కొల్లేరు పక్కన పెరిగిన వాళ్లకి నీళ్లు ఎవరివి అనే ఈ గొడవ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక సెప్టెంబర్ మొదటి వారం. శనివారం తెల్లవారుజామున కాబ్రస్ వీధుల్లో వందలమంది మగవాళ్లు తెల్ల అంగీలు వేసుకుని, చెప్పుల్లేకుండా, పవిత్ర రక్షకుడి విగ్రహాన్ని మోస్తూ పరుగు మొదలుపెడతారు. సాన్ సాల్వతోరె అనే చిన్న ఊరి దాకా దాదాపు ఏడు కిలోమీటర్లు. మట్టి దారి, రాళ్లు. వంతులవారీగా భుజం మార్చుకుంటారు కానీ ఆగరు. పాతకాలంలో సముద్రపు దొంగలు వచ్చినప్పుడు జనం విగ్రహాన్ని కాపాడుకున్న ఘటనకి గుర్తు ఇది. అప్పుడు కాళ్లకి కొమ్మలు కట్టుకుని పరుగెత్తితే, లేచిన దుమ్ము చూసి పెద్ద సైన్యం వస్తోందని శత్రువు వెనక్కి తగ్గాడని కథ చెప్తారు. ఆడవాళ్లకి కొద్ది రోజుల ముందు విడిగా ఊరేగింపు ఉంటుంది.

నేను దారి పక్కన నిలబడ్డాను. ముందు దూరంగా కేకలు, తర్వాత దుమ్ము, తర్వాత కాళ్ల చప్పుడు. ఫోన్ పైకెత్తేలోపే దాటిపోయారు. వీడియోలో మీకు కనిపించేది సగం దుమ్మే. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ పరుగెత్తే వాళ్లలో మనవడిని వెతుక్కుంటోంది. కనబడ్డాడో లేదో గానీ ఆ గుంపు పోయాక కూడా చెయ్యి ఊపుతూనే ఉంది. ఆదివారం సాయంత్రం విగ్రహాన్ని మళ్లీ అదే పరుగుతో కాబ్రస్‌కి తెచ్చేస్తారు.

సాన్ సాల్వతోరె ఊరు మిగతా ఏడాది దాదాపు ఖాళీ. పండగ రోజుల్లో ఉండటానికి కట్టుకున్న చిన్న ఇళ్లు, దుమ్ము వీధులు. ఒకప్పుడు ఇక్కడ కౌబాయ్ సినిమాలు కూడా తీశారు. చర్చి నేల కింద ఒక భూగర్భ గది, అందులో బావి, గోడల మీద రోమన్ల కాలం నాటి గీతలు. మెట్లు దిగేటప్పుడు తల జాగ్రత్త.

వెళ్లాలనుకునే వాళ్లకి రెండు మాటలు. ఒరిస్తానో దాకా కాల్యరి నుంచి ట్రైన్ ఉంది. అక్కడి నుంచి వేసవిలో బస్సు లేదా అద్దె సైకిలు, నేల చదునుగా ఉంటుంది కాబట్టి సైకిలే మంచిది. నీళ్ల బాటిల్ ఎక్కువే పెట్టుకోండి, నీడ తక్కువ. ఇస్ అరూతస్ నుంచి లేచేటప్పుడు టవల్ అక్కడే గట్టిగా దులపండి, చెప్పుల్లో ఇరుక్కున్న గింజలు కూడా. ఏదైనా తెచ్చుకోవాలనే ఉంటే కాబ్రస్ బజార్లో బొత్తార్గా కొనుక్కోండి, ప్యాక్ చేసి ఇస్తారు. బిల్లు మాత్రం దాచుకోండి.